ఖాళీ గది ఎందుకు మోగుతుంది?

మా దర్శి ప్రాంతంలో పత్తి తీతలు ముగిశాక చాలా ఇళ్ళలో ఒక గదిని పత్తికి వదిలేస్తారు. ధర వచ్చేదాకా అందులో పత్తి కప్పును అంటుతూ ఉంటుంది. మీలో రైతు కుటుంబాల పిల్లలు అలాంటి గదిలోకి ఎన్నోసార్లు వెళ్ళి ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు తలుపు దగ్గర నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టండి. "టప్" మని ఒక్క చప్పుడు వస్తుంది, వెంటనే మాయమవుతుంది. మీ గొంతు మీకే కొత్తగా, దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టు వినిపిస్తుంది.

పత్తి అమ్ముడుపోయి గది ఊడ్చేసిన రోజున మళ్ళీ అదే గదిలోకి వెళ్ళి, అంతే గట్టిగా చప్పట్లు కొట్టండి. ఈసారి గది గంటలా మోగుతుంది. గోడలు మారలేదు, కప్పు మారలేదు, మీ చేతులు మారలేదు. మారింది పత్తి ఒక్కటే. మరి ఆ చప్పుడును మొదటిసారి ఎవరు మింగేశారు? ఈ చిన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే, మోగే గదిని మాట వినబడే గదిగా ఎలా మార్చాలో కూడా తెలుస్తుంది.

బొమ్మ బాగుంది, మాటే లేదు

మా వీధిలో ఒక పత్తి వ్యాపారి కొత్త ఇల్లు కట్టుకున్నారు. నేలకు చీమకుర్తి నల్ల గ్రానైట్, గోడలకు నున్నని పూత, పైన సిమెంటు స్లాబు. ఇంటిల్లిపాదీ కూర్చుని సినిమాలు చూడటానికి ప్రత్యేకంగా ఒక గది ఏర్పాటు చేసి, పెద్ద తెర, చుట్టూ స్పీకర్లు పెట్టించారు. నెల తిరగకుండానే నన్ను పిలిచారు.

"మాస్టారూ, ఫైటింగులైతే అదిరిపోతున్నాయి గానీ మాటలు అర్థం కావడం లేదండీ. సౌండు పెంచేకొద్దీ ఇంకా గందరగోళంగా ఉంటోంది. మా అమ్మయితే పది నిమిషాలకే లేచి వెళ్ళిపోతోంది. ఆవిడకు చెవుడు వచ్చిందేమోనని మా అనుమానం" అన్నారు.

నేను గది మధ్యన నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టాను. చప్పుడు "ట్ర్ర్ర్" మని చాలాసేపు సాగింది. "ముందు ఈ గదికి వైద్యం చేద్దాం. అమ్మగారి చెవుల సంగతి తరువాత చూద్దాం" అన్నాను.

ప్రతిధ్వని వేరు, ప్రతినాదం వేరు

ధ్వని గాలిలో సెకండుకు సుమారు 340 మీటర్ల వేగంతో పోతుందని మీరు చదువుకున్నారు. గట్టి గోడను తాకిన ధ్వని, అద్దాన్ని తాకిన కాంతి లాగే వెనుదిరుగుతుంది. దీన్నే పరావర్తనం అంటాం. గోడ 17 మీటర్లకన్నా దూరంగా ఉంటే, వెళ్ళి రావడానికి సెకండులో పదో వంతు పైగా పడుతుంది. అప్పుడు అసలు ధ్వని, తిరిగి వచ్చిన ధ్వని వేరువేరుగా వినిపిస్తాయి. ఇది ప్రతిధ్వని. గోల్కొండ కోటకు విహారయాత్రకు వెళ్ళినవారు ప్రవేశ ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొట్టే ఉంటారు. ఆ చప్పుడు ఎత్తున ఉన్న బాలాహిస్సారు దాకా వినిపిస్తుంది. అక్కడ పరావర్తనం మనకు మేలు చేసింది.

ఇంట్లో గదికి 17 మీటర్ల పొడవు ఎక్కడిది? మా వ్యాపారిగారి గది వెడల్పు 4 మీటర్లు. ధ్వని ఒక గోడ నుంచి ఎదుటి గోడకు వెళ్ళి రావడానికి 8 మీటర్లు. అంటే సెకండుకు సుమారు 42 సార్లు రాకపోకలు! చెవి వాటిని విడదీయలేదు. అవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒక పొడవాటి తోకలా సాగుతాయి. ఇదే ప్రతినాదం. చప్పట్లు కొట్టినప్పుడు నేను విన్న "ట్ర్ర్ర్" ఎదురెదురు గోడలు చప్పుడుతో బంతాట ఆడుతున్న శబ్దమే.

ఇక మాట సంగతి చూడండి. మనం మామూలుగా సెకండుకు ఐదారు అక్షరాలు పలుకుతాం. అచ్చుల ధ్వని బలంగా ఉంటుంది. హల్లుల ధ్వని బలహీనంగా, క్షణికంగా ఉంటుంది. మోగే గదిలో ముందు పలికిన "ఆ" తోక ఇంకా గాలిలో ఉండగానే తరువాతి "ప" వస్తుంది. బలమైన తోక కింద బలహీనమైన హల్లు నలిగిపోతుంది. "పాట" అన్నారో "బాట" అన్నారో "మాట" అన్నారో తెలియదు. సౌండు పెంచితే మాటతోపాటు తోక కూడా అంతే పెరుగుతుంది. కనుక లాభం లేదు. వయసు పైబడిన వారికి ఈ గందరగోళంలో నుంచి మాటను ఏరుకోవడం మరీ కష్టం. ఆ పెద్దావిడ లేచి వెళ్ళిపోవడంలో ఆశ్చర్యమేముంది?

అర్ధరాత్రి దిండ్లు మోసిన ఆచార్యుడు

ఈ తోకను మొట్టమొదట లెక్కగట్టిన వ్యక్తి వాలెస్ క్లెమెంట్ సబీన్. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక కొత్త ఉపన్యాస మందిరం కట్టారు. చూడటానికి చక్కగా ఉంది. కానీ ఉపన్యాసం మాత్రం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. దాన్ని బాగుచేసే పనిని భౌతికశాస్త్ర శాఖలో పనిచేస్తున్న ఇరవై ఏడేళ్ళ సబీన్‌కు అప్పగించారు.

అప్పటికి ధ్వనిని కొలిచే ఎలక్ట్రానిక్ పరికరాలు లేవు. సబీన్ చేతిలో ఉన్నవి ఒక ఆర్గాన్ గొట్టం, కాలాన్ని నమోదు చేసే యంత్రం, తన రెండు చెవులు. పగటి చప్పుళ్ళు అడ్డు రాకుండా అర్ధరాత్రి దాటాక పని మొదలుపెట్టేవాడు. గొట్టం ఊది ఆపి, ధ్వని పూర్తిగా వినబడకుండా పోయేదాకా ఎంతసేపు పడుతుందో కొలిచేవాడు. ఖాళీ మందిరంలో అది సుమారు ఐదున్నర సెకండ్లు!

తరువాత దగ్గరలో ఉన్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల దిండ్లు తెప్పించాడు. కొన్ని దిండ్లు పరిచి కొలవడం, మరికొన్ని పరిచి కొలవడం. తెల్లవారేసరికి వాటిని మళ్ళీ ఆ థియేటర్‌కు చేర్చాలి. ఇలా ఎన్నో రాత్రులు గడిచాయి. ఒక దశలో, తాను తొడుక్కున్న బట్టలు కూడా ధ్వనిని మింగి కొలతలను మారుస్తున్నాయని గ్రహించాడు. అప్పటిదాకా తీసిన వేలకొద్దీ కొలతలను పక్కన పెట్టేసి, అప్పటి నుంచి ప్రయోగం చేసినప్పుడల్లా అవే బట్టలు వేసుకున్నాడు. శ్రద్ధ అంటే అదీ!

దిండ్లు పెరిగేకొద్దీ తోక తగ్గింది. 1898లో ఆ సంబంధం సబీన్‌కు చిక్కింది. ధ్వని మామూలు స్థాయి నుంచి పది లక్షలవ వంతుకు పడిపోవడానికి పట్టే కాలాన్ని ప్రతినాద కాలం అంటారు. దానికి సూత్రం ఇది:

ప్రతినాద కాలం = 0.16 × గది ఘనపరిమాణం ÷ గదిలోని మొత్తం శోషణ

కాలం సెకండ్లలో, ఘనపరిమాణం ఘన మీటర్లలో. మరి శోషణను దేనితో కొలవాలి? సబీన్ ఎన్నుకున్న కొలమానం ఎంత తేలికైనదో చూడండి: తెరిచిన కిటికీ! కిటికీలోంచి బయటికి పోయిన ధ్వని తిరిగి రాదు. గది దృష్టిలో అది పూర్తిగా మింగుడు పడినట్టే. కనుక ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ ఒక యూనిట్. నున్నని సిమెంటు గోడ తనను తాకిన ధ్వనిలో నూటికి రెండు వంతులే మింగుతుంది. అంటే 50 చదరపు మీటర్ల గోడ ఒక చదరపు మీటరు కిటికీతో సమానం. 10 సెంటీమీటర్ల మందం గల దూది పరుపు మధ్యస్థాయి ధ్వనులలో నూటికి 80 వంతుల దాకా మింగుతుంది. ఒక మనిషి, బట్టలతో సహా, సుమారు 0.4 చదరపు మీటర్ల కిటికీకి సమానం.

సబీన్ లెక్కల సాయంతో కట్టిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో ప్రారంభమైంది. సంగీతానికి ప్రపంచంలోని మేలైన మందిరాలలో ఒకటిగా ఈనాటికీ దానికి పేరుంది.

దూది కడుపులో ఏం జరుగుతుంది?

ధ్వని అంటే గాలి ముందుకూ వెనక్కూ ఊగడం. దూదిలో సన్నని పోగుల మధ్య లెక్కలేనన్ని ఇరుకు దారులు ఉంటాయి. ఊగే గాలి ఆ దారుల్లోకి దూరి, పోగులను రాసుకుంటూ అటూ ఇటూ కదులుతుంది. ఆ రాపిడిలో ధ్వని శక్తి ఉష్ణంగా మారిపోతుంది. మరి దూది వేడెక్కదా? భయం లేదు. మామూలుగా మాట్లాడే మనిషి నోటి నుంచి వెలువడే ధ్వని శక్తి ఒక వాట్‌లో లక్షవ వంతు ప్రాంతంలో ఉంటుంది. లక్ష మంది ఒకేసారి మాట్లాడితే ఒక వాట్! ఏ థర్మామీటరుకూ అంత చిన్న వేడి అందదు.

దీన్నిబట్టి ఒక నియమం తేలుతోంది. మింగే వస్తువులోకి గాలి దూరగలగాలి. థర్మోకోల్ మెత్తగా, తేలికగా కనిపిస్తుంది గానీ దాని గదులన్నీ మూసుకొని ఉంటాయి. గాలి దూరదు కనుక ధ్వనిని పెద్దగా మింగలేదు. కొందరు గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తారు. అవి పలచనివి, మధ్యస్థాయి, మందర ధ్వనుల మీద వాటి ప్రభావం చాలా తక్కువ.

మన తాతల ఇళ్ళు ఎందుకు మోగేవి కావో ఇప్పుడు చెప్పగలరా? పైన తాటాకు లేదా బోదకప్పు, కింద మట్టి నేల, దండెం మీద బట్టలు, మూలన ధాన్యం బస్తాలు. ఇల్లంతా మింగేవే. టూరింగ్ టాకీసు డేరాలో గుడ్డ గోడల గుండా చాలా ధ్వని బయటికి పోయేది. అందుకే డేరాలో మాట తోక లేకుండా వినబడేది. గ్రానైట్, గాజు, సిమెంటు వచ్చాక ఇల్లు గట్టిపడింది, కానీ దాంతోపాటు మోత కూడా వచ్చింది.

ఇప్పుడు లెక్క వేద్దాం

వ్యాపారిగారి గది పొడవు 5, వెడల్పు 4, ఎత్తు 3 మీటర్లు. ఘనపరిమాణం 60 ఘన మీటర్లు. నేల, కప్పు, నాలుగు గోడలు కలిపి 94 చదరపు మీటర్లు. నూటికి రెండు వంతుల చొప్పున శోషణ 1.9 యూనిట్లు. తలుపు, కిటికీ రెక్కలు, లోపలి ఒక మనిషిని కలుపుకొని 2.4 అనుకుందాం. సూత్రంలో వేస్తే 0.16 × 60 = 9.6. దాన్ని 2.4తో భాగిస్తే 4 సెకండ్లు! ఇంత చిన్న గదికి అది ఘోరం. సినిమా చూసే చిన్న గదికి 0.4 సెకండ్లు ఉంటే చక్కగా సరిపోతుంది. అందుకు 9.6 ÷ 0.4 = 24 యూనిట్లు కావాలి. అంటే ఇంకా 21.6 యూనిట్లు సమకూర్చాలి. మేము వేసిన పథకం ఇది:

మెత్తని సోఫాలు, అందులో కూర్చునే ఇంటివారు: 4 యూనిట్లు.
వెనుక గోడ 12 చదరపు మీటర్లకూ దట్టమైన మడతలతో మందపాటి తెర, సగం మింగుతుంది: 6 యూనిట్లు.
నేల మీద 10 చదరపు మీటర్ల మందపాటి తివాచీ, ఐదో వంతు మింగుతుంది: 2 యూనిట్లు.
రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం గల ఆరు దూది చట్రాలు, 12 చదరపు మీటర్లు: 9.6 యూనిట్లు.

కూడి చూడండి. సరిగ్గా 21.6!

చట్రాలకు ఏకించిన పాత పరుపుల దూదే వాడాం. దూది కిందికి జారిపోకుండా పరుపుకు కుట్టినట్టే అక్కడక్కడ కుట్లు వేయించాం. పైన తొడిగే గుడ్డకు ఒక పరీక్ష ఉంది. గుడ్డను నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి. చీరాల నేత గుడ్డ ఈ పరీక్షలో నెగ్గింది, రెక్సిన్ ఓడిపోయింది. చట్రాన్ని గోడకు అతికించకుండా 10 సెంటీమీటర్ల ఎడం వదిలాం. గోడను ఆనుకున్న చోట గాలి కదలిక దాదాపు ఉండదు, కొంత దూరం వస్తేనే బాగా కదులుతుంది. ఎడం ఉంటే అదే దూది ఎక్కువ పని చేస్తుంది.

ఒక హెచ్చరిక. దూది తేలికగా అంటుకుంటుంది. కనుక చట్రాలను విద్యుత్ తీగలకు, వేడెక్కే ఆంప్లిఫయరుకు దూరంగా, పెద్దల సాయంతోనే అమర్చాలి. దూదికి ముందుగా బోరిక్ ఆమ్లం, బోరాక్స్ పట్టిస్తే మంట త్వరగా వ్యాపించదు.

అద్దం చెప్పిన చోటు

ఆరు చట్రాలను ఎక్కడ తగిలించాలి? దీనికి మీరు ఎనిమిదో తరగతిలో చదివిన పాఠమే దారి చూపింది: పతన కోణం, పరావర్తన కోణం సమానం. వ్యాపారిగారి అబ్బాయిని సోఫాలో కూర్చోబెట్టి, పక్క గోడ వెంబడి ఒక చేతి అద్దాన్ని జరుపుతూ పోయాను. "ఇప్పుడు స్పీకరు కనిపిస్తోంది మాస్టారూ!" అన్న చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టాను. స్పీకరు నుంచి వచ్చిన ధ్వని గోడను ఒక్కసారి తాకి చెవికి చేరేది అక్కడి నుంచే. రెండు పక్క గోడల మీద గుర్తులున్న చోట్ల రెండేసి చట్రాలు తగిలించాం.

మిగిలిన రెండూ ముందు మూలలకు పోయాయి. ఎందుకంటే డప్పు వంటి మందర ధ్వనుల తరంగ దైర్ఘ్యం చాలా ఎక్కువ. 100 హెర్ట్జ్ ధ్వనికి అది 3.4 మీటర్లు. 10 సెంటీమీటర్ల దూదికి అది సరిగా చిక్కదు. పైగా గది పొడవుకు రెండింతల తరంగ దైర్ఘ్యం గల ధ్వని, అంటే ఈ గదిలో 34 హెర్ట్జ్ ధ్వని, ఎదురెదురు గోడల మధ్య స్థిర తరంగంగా నిలుస్తుంది. అందుకే గదిలో ఒకచోట "ధమ్" ఎక్కువగా, మరోచోట తక్కువగా వినిపిస్తుంది. మందర ధ్వనులు మూలల్లో బలంగా పోగుపడతాయి కనుక, మూలకు అడ్డంగా చట్రం నిలబెట్టి వెనుక ఖాళీ వదిలితే కొంత మేలు. కానీ పూర్తిగా పోదు. దాని బాధ తగ్గించే సులువైన ఉపాయం, సోఫాను వెనుక గోడకు ఆనించకుండా ముందుకు జరపడం.

మరొక అపోహ కూడా ఉంది. ఈ దూది పక్కింటికి చప్పుడు పోకుండా ఆపదు. అలా ఆపాలంటే బరువైన గోడ, సందుల్లేని తలుపు కావాలి. గదిలోని మోత తగ్గించడం వేరు, గది దాటకుండా ఆపడం వేరు.

పని పూర్తయిన సాయంత్రం పాత సినిమా ఒకటి పెట్టారు. సౌండు మునుపటికన్నా తగ్గించాం. పెద్దావిడ చివరిదాకా కూర్చుంది. మధ్యలో ఒక హాస్య సన్నివేశానికి అందరికన్నా ముందు నవ్వింది. చెవుడు ఆవిడకు కాదు, గోడలకు!

మరి మన తరగతి గది?

సినిమా అర్థం కాకపోతే లేచి వెళ్ళిపోవచ్చు. పాఠం అర్థం కాకపోతే వెనుక బెంచీ పిల్లవాడు ఎక్కడికి వెళతాడు? 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల ఎత్తు గల గదిని తీసుకుందాం. 168 ఘన మీటర్లు. సూత్రంలో పై సంఖ్య సుమారు 27. గోడలు, నేల, కప్పు ఇచ్చేది 4 యూనిట్లు. తెరిచిన నాలుగు కిటికీలు, ఒక్కొక్కటి ఒక చదరపు మీటరు, మరో 4. నలభై మంది పిల్లలు 16. మొత్తం 24. అంటే 1.1 సెకండ్లు. ఆ గదిలో మూడింట రెండు వంతుల శోషణ మీరే!

అమెరికాలో తరగతి గదులకు పెట్టుకున్న ప్రమాణం ప్రకారం ఈ పరిమాణపు గదిలో ప్రతినాద కాలం 0.6 సెకండ్లు మించకూడదు. మన గది దానికి దాదాపు రెండింతలు. వెనుక గోడకు 12 చదరపు మీటర్ల మేర దూది చట్రాలు తగిలిస్తే 9.6 యూనిట్లు కలిసి 0.8కి దిగుతుంది. పూర్తిగా చాలదు గానీ తేడా మాత్రం వెనుక బెంచీకి తెలుస్తుంది.

ముప్పై ఏళ్ళ కిందట నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, ఉక్తలేఖనంలో ఒక పిల్లవాడు ఎప్పుడూ తప్పులు రాసేవాడు. "పలుకు" అంటే "బలుకు", "తారు" అంటే "దారు". ధ్యాస లేదని కోప్పడేవాణ్ణి. ఒకరోజు చెట్టు కింద అదే ఉక్తలేఖనం పెట్టాను. ఒక్క తప్పు లేదు. చెట్టు కింద గోడలు లేవు, కప్పు లేదు, తోక లేదు. ఆ రోజు నేను నేర్చుకున్న పాఠం ఇంకా మరిచిపోలేదు.

మీరు చేయవలసిన ప్రయోగం

నలుగురు కలిసి ఒక జట్టుగా ఏర్పడండి. సెలవురోజున ఉపాధ్యాయుల అనుమతితో ఖాళీ తరగతి గదిని కొలిచి, పైన చెప్పిన సూత్రంతో ప్రతినాద కాలం లెక్కగట్టండి. తరువాత ఒకరు నల్లబల్ల దగ్గర నిలబడి పాట, బాట, మాట, కాలు, గోలు, పాలు వంటి ఇరవై మాటలను వరస మార్చి, మామూలు గొంతుతో, నోరు కనబడకుండా పుస్తకం అడ్డం పెట్టుకొని చదవాలి. వెనుక బెంచీలో ఉన్నవారు విన్నది రాయాలి. తప్పులు లెక్కించండి. కిటికీలన్నీ తెరిచి ఒకసారి, వెనుక గోడకు ఇళ్ళ నుంచి తెచ్చిన బొంతలు, పరుపులు ఆనించి ఒకసారి, చెట్టు కింద అంతే దూరంలో నిలబడి ఒకసారి మళ్ళీ చేయండి. ప్రతిసారీ మాటల వరస మార్చడం మరవకండి.

నాలుగు సంఖ్యలనూ ఒక కాగితం మీద పట్టికగా రాసి మీ ప్రధానోపాధ్యాయులకు చూపించండి. గది మోగుతోందని ఊరికే చెబితే ఎవరూ పట్టించుకోకపోవచ్చు. సంఖ్యలు చూపిస్తే అడిగి తెలుసుకుంటారు. సబీన్ చేసిందీ అదే. ఇకమీదట ఎవరికైనా మాట సరిగా వినబడలేదంటే, వారి చెవులను తప్పుపట్టే ముందు ఒక్కసారి చప్పట్లు కొట్టి, గోడలను పరీక్షించండి.